యుద్ధప్రాతిపదికన నెమ్మది

నెమ్మదిగా ఉండమని చెప్పే ఉత్తర్వు మా ఆఫీసుకి చాలా వేగంగా వచ్చింది. జిల్లా కేంద్రం నుంచి మోటారు సైకిలు మీద దాన్ని పట్టుకొచ్చిన మనిషి మా గేటు మలుపులో జారిపడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది. ఆ చేత్తోనే కవరు అందించి, "అతి జరూరండి, ఇంకా చాలా ఆఫీసులు తిరగాలి" అంటూ నేను పెట్టిన సంతకం కూడా చూసుకోకుండా వెళ్ళిపోయాడు.

మాది మొల్లేరు పురపాలక సంఘం. గోదావరి పాయకి ఇవతలి గట్టున ఉంటుంది. నేను అందులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. ఉద్యోగుల సెలవులు, మెమోలు, సస్పెన్షన్లు అన్నీ నా బల్ల మీద నుంచే వెళతాయి కాబట్టి ఆ కవరు నేనే చించాను.

విషయం ఏమిటంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారి సెలవు పెట్టి, ఎక్కడో కొండల్లో ఉన్న ఒక ఆశ్రమంలో కొన్నాళ్ళు నోరు విప్పకుండా కూర్చుని వచ్చారు. మనుషులు ఊరికే పరుగులు పెట్టి తమని తాము పోగొట్టుకుంటున్నారనీ, నెమ్మదిస్తే ఆనందం కలుగుతుందనీ, ఆనందం కలిగితే తమని తాము ఉన్నదున్నట్టు ఒప్పుకోగలుగుతారనీ, మనిషి ఎదగడమంటే అదేననీ ఆయనకి అక్కడ తెలిసింది. ఇందులో నాకేమీ తప్పు కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు. అయితే ఆయన తెలుసుకుని ఊరుకోలేదు. ఆశ్రమం నుంచి దిగిన మర్నాడే 'రాష్ట్ర నెమ్మది, ఆనంద, స్వీయాంగీకార మిషన్' పుట్టింది. ఆయనే దానికి ఛైర్మన్.

మా కమిషనరు పేరు ప్రభంజనంగారు. భోజనం నిలబడి చేసే మనిషి. ఉత్తర్వు చదివిన పావుగంటలో సిబ్బందినందరినీ సమావేశానికి పరిగెత్తించారు.

"ఈ నెలాఖరులోగా మన సంస్థ నూటికి నూరు శాతం నెమ్మదించాలి," అన్నారు. "దీన్ని యుద్ధప్రాతిపదికన చేపడుతున్నాం. అలసత్వాన్ని ఉపేక్షించేది లేదు. పక్క మున్సిపాలిటీ వాళ్ళు అప్పుడే నలభై శాతం నెమ్మదించినట్టు గ్రూపులో ఫోటోలు పెట్టేశారు. మనం వెనకబడ్డాం."

శానిటరీ ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "వెనకబడ్డామంటే నెమ్మదిగా ఉన్నట్టే కదండీ?"

"నెమ్మదిలో వెనకబడ్డామంటే వేగంగా ఉన్నామని అర్థం. కూర్చోండి. కూర్చోవడంలో కూడా ఆ తొందరేమిటి?"

మర్నాటినుంచి పనులు మొదలయ్యాయి. వరండాలో నడకకి వేగ పరిమితి బోర్డులు కట్టారు. ఫ్యాన్ల రెగ్యులేటర్లు రెండు దగ్గర ఆపి సీలు వేశారు. సాయంత్రం 'ఆనంద సమయం' పెట్టారు. ఆనందానికి ముందొకసారి, తర్వాత ఒకసారి యంత్రం మీద వేలిముద్ర వెయ్యాలి. ఆ యంత్రం దగ్గర క్యూ కట్టేసరికి ఆనంద సమయం కాస్తా అయిపోయేది. వేలిముద్ర పడని వాళ్ళకి ఆనందానికి గైర్హాజరు కింద సగం రోజు సెలవు కోత. నీటి సరఫరా విభాగం వాళ్ళు మాత్రం తాము మొదటినుంచీ లక్ష్యానికి మించే ఉన్నామని నివేదిక ఇచ్చారు. దాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

ఇక్కడ అబ్బులు గురించి చెప్పాలి.

దంగేటి అబ్బులు జనన మరణాల కౌంటరులో జూనియర్ అసిస్టెంటు. ఆ ఉత్తర్వు వచ్చిన ఉదయమే నేను అతని మీద ఛార్జిమెమో టైపు చేసి కమిషనరుగారి సంతకానికి పెట్టి ఉన్నాను. 'విధి నిర్వహణయందు అసాధారణ జాప్యము కనబరచినందులకు తమపై క్రమశిక్షణా చర్య ఏల గైకొనరాదో తెలుపవలెను' అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. అది అబద్ధమేమీ కాదు. మిగతా కౌంటర్లలో పది మంది వెళ్ళేసరికి అబ్బులు దగ్గర ఒకరు కుర్చీ సర్దుకుని కూర్చునేవారు. పసిబిడ్డ పేరు రాయించుకోవడానికి వస్తే ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, బిడ్డ రాత్రిళ్ళు నిద్రపోతోందా అని అడిగేవాడు. అడిగి ఊరుకోవడం కాదు, చెప్పింది వినేవాడు. అతనికి అదంటే ఇష్టం. పేరు రాసి, కలం ఎత్తి, రాసిన పేరుని కాసేపు చూసుకుని నవ్వుకునేవాడు.

మిషన్ తరఫున డిప్యూటీ డైరెక్టరు డాక్టర్ నీరజాక్షిగారు తనిఖీకి వచ్చారు. మా వరండాలో నెమ్మదిని ఆవిడ గబగబా చూసుకుంటూ వెళుతూ అబ్బులు కౌంటరు దగ్గర ఆగారు.

అక్కడ ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మట్టా సూరన్న అని, చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసేవాడు. భార్య పోయింది. మరణం నమోదు చేయించడానికి వచ్చాడు.

"ఆవిడ పేరేంటండి?" అన్నాడు అబ్బులు.

"కార్డులో సత్యవతని ఉందండి. నేనెప్పుడూ అలా పిలవలేదు."

"మరేమని పిలిచేవోరు?"

"పేరెట్టి పిలిచిందే లేదండి. 'ఇదిగో' అనేవోణ్ణి. పలికేది." సూరన్న తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే ఉంటే పేరెట్టి పిలవాలనిపిత్తందండి. సిగ్గేత్తంది."

అబ్బులు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పిలవండి సూరన్నగారూ. సిగ్గెందుకు? ఇంట్లో మీరే కదా ఉన్నారు."

సూరన్న తుండు మడతపెట్టుకునే దాకా అబ్బులు కలం ముట్టుకోలేదు. వెనక నిలబడ్డ వాళ్ళలో ఒకాయన గొణగడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. అబ్బులు కలం తీసి సత్యవతి అని ఒక్కో అక్షరం రాశాడు. సూరన్న అది కుదిరిందో లేదో చూసి తలూపాడు.

నీరజాక్షిగారు కమిషనరు వైపు తిరిగారు. "ఈయనకి శిక్షణ ఎక్కడ ఇప్పించారు?"

కమిషనరుగారి చేతిలో ఉన్న ఫైల్లో పైన ఉన్న కాగితం ఛార్జిమెమోనే. ఆయన ఫైలు మూసి, "మన దగ్గరే మేడమ్. చాలా కాలంగా ప్రోత్సహిస్తూ వస్తున్నాం," అన్నారు.

ఆ సాయంత్రం నేను ఛార్జిమెమోని సరిచేశాను. పెద్ద శ్రమ పడలేదు. 'జాప్యము' తీసి 'నెమ్మది' పెట్టాను. చివర 'తమపై క్రమశిక్షణా చర్య ఏల గైకొనరాదో తెలుపవలెను' బదులు 'తమను అభినందించడమైనది' అని పెట్టాను. మిగతాదంతా సరిపోయింది. అబ్బులుని జిల్లా ఆదర్శ నెమ్మది ప్రబోధకుడిగా నియమించారు. అందరికీ నెమ్మది నేర్పడం అతని కొత్త ఉద్యోగం.

"నాకేం రాదు కదండీ గురూగారూ," అన్నాడు అబ్బులు నా బల్ల దగ్గరికొచ్చి. "నేనేం నేర్పుతానండి?"

"నువ్వు ఎలా ఉంటావో అలా ఉండు. అంతే," అన్నాను.

ఆ మాట చెప్పడం తేలిక. మర్నాడు తెల్లారకుండానే అతని ఇంటి ముందుకి జీపు వచ్చింది. రోజుకి మూడు ఊళ్ళు. ఒక్కో చోట మూడేసి శిక్షణ తరగతులు. మొదటి వారం రికార్డుల కోసమని నేనూ వెంట వెళ్ళాను. జీపు డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఒక ఊళ్ళో సభ నిర్వాహకుడు మెట్ల దగ్గరే ఎదురొచ్చి, "మీకు పన్నెండు నిమిషాలండి. అందులో ఆనందానికి మూడు నిమిషాలు వదిలెయ్యాలి. స్వీయాంగీకారం టైముంటే చెప్పండి, లేకపోతే కాగితాలు పంచేస్తాం," అన్నాడు.

అబ్బులు మైకు ముందు నిలబడ్డాడు. "నమస్కారమండి," అన్నాడు. తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. హాలంతా చూశాడు. ముందు వరసలో ఒకావిడ ఒళ్ళో టిఫిను క్యారేజీ పెట్టుకుని ఉంది. "ఏం కూరండి?" అన్నాడు. ఆవిడ తడబడి, "బీరకాయండి," అంది. "లేతవేనా?" అన్నాడు. హాల్లో మొదట నవ్వు, తర్వాత ఒక రకమైన నిశ్శబ్దం. అందరూ వెనక్కి జారగిలబడ్డారు. నిజంగా ఒక నిమిషం పాటు ఆ హాల్లో ఎవరికీ తొందర లేదు.

ఆ నిమిషం నివేదికలోకి ఎక్కింది. తర్వాత తరగతుల నుంచి బీరకాయ పాఠ్యప్రణాళికలో భాగమైంది. ప్రతి సభలోనూ ముందు వరసలో ఒకావిడని క్యారేజీతో కూర్చోబెట్టేవారు. అబ్బులు "ఏం కూరండి?" అని అడగాలి. ఆవిడ "బీరకాయండి" అనాలి. ఆ తర్వాత నిశ్శబ్దానికి ఒక నిమిషం. ఒకచోట ఆవిడ పొరపాటున వంకాయంటే నిర్వాహకుడికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది.

అబ్బులు లేని కౌంటరుకి కొత్త విధానం వచ్చింది. అర్జీదారు ముందు 'విరామ బల్ల' మీద కూర్చోవాలి. తర్వాత కంప్యూటరులో ఆనంద స్థాయి నమోదు చెయ్యాలి. ఒకటి నుంచి ఐదు వరకూ అంకె వెయ్యకపోతే యంత్రం ముందుకి కదలదు. జననాలకి ఇబ్బంది రాలేదు. ఒకరోజు తల్లి మరణం నమోదుకి ఒకమ్మాయి వచ్చింది.

"ఆనందం ఎంత వెయ్యమంటావమ్మా?" అన్నాడు కౌంటరులో ఉన్న గుమాస్తా. అతనూ చెడ్డవాడు కాదు. అడుగుతూ తల వంచుకున్నాడు.

"మా అమ్మ పోయిందండి."

"తెలుసమ్మా. ఖాళీగా వదిలితే తీసుకోవట్లేదు. రెండు వేద్దామా?"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించింది. "అమ్మ చివర్న చాలా నొప్పులు పడిందండి. ఇప్పుడు లేవు. ఆవిడకైతే ఐదెయ్యండి. నాకు సున్నా."

"సున్నా లేదమ్మా. ఒకటి నుంచే మొదలు."

ఒకటి వేశారు. నెలాఖరు సమీక్షలో మా మరణాల ఆనంద సగటు తక్కువగా ఉందని జిల్లా నుంచి మెమో వచ్చింది. లోపాన్ని సరిదిద్దుకుంటామని జవాబు నేనే రాశాను.

తర్వాతి దశ స్వీయాంగీకారం. ప్రతి ఉద్యోగీ తనని తాను ఉన్నదున్నట్టు అంగీకరించాలి. అయితే ఎవరికి వారు అంగీకరించేసుకుంటే ఆడిటులో అభ్యంతరం వస్తుందని, పై అధికారి ద్వారా దరఖాస్తు చేసుకోవాలన్నారు. నేను నా లోపాలు, నా బట్టతల, నా చిరాకు అన్నీ రాసి, వీటితో సహా నన్ను నేను అంగీకరిస్తున్నానని పంపాను. మూడు కొర్రీలతో తిరిగొచ్చింది. చిరాకు తాత్కాలికమా శాశ్వతమా తెలపలేదట. బట్టతలకి వైద్య ధ్రువీకరణ లేదట. ఏ తేదీ నుంచి అంగీకారం వర్తిస్తుందో రాయలేదట. కమిషనరుగారి అంగీకారం జిల్లాలో పెండింగు. జిల్లా వారిది రాజధానిలో పెండింగు. ఆ నెలంతా మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ అంగీకరించలేదు.

ఇంతలో 'గృహ నెమ్మది' తనిఖీ వచ్చింది. ప్రబోధకుడి ఇల్లు ఆదర్శంగా ఉందో లేదో చూడటానికి ఒక పరిశీలకుణ్ణి పంపారు. దారి చూపించడానికి నేను వెళ్ళాను.

అబ్బులు భార్య పేరు పల్లాలమ్మ. పూతరేకులు చేస్తుంది. మేం వెళ్ళేసరికి వసారాలో పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగేది. కళ్ళు మూసి తెరిచేలోగా తెల్లటి రేకు లేచొచ్చేది. చూస్తూ ఉంటే చెయ్యి కనిపించేది కాదు. తనలో తను ఏదో కూనిరాగం తీసుకుంటోంది.

పరిశీలకుడు ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అమ్మా, మీలో తొందర కనిపిస్తోంది. ఆ గుడ్డని కొంచెం నెమ్మదిగా లాగండి. మీ చేతి కదలికని మీరే గమనించండి. అప్పుడు అంతరంగంలో ఆనందం ఉద్భవిస్తుంది."

"నాకు ఉద్భవించే ఉంది బాబూ," అంది పల్లాలమ్మ. "నెమ్మదిగా లాగితే మాడిపోద్ది. రేకవ్వదు, అట్టవుద్ది."

"ప్రయత్నం చెయ్యందే ఎలా చెబుతారు?"

పల్లాలమ్మ గుడ్డ ముంచి నెమ్మదిగా లాగింది. చెయ్యిని గమనించింది. నల్లటి చెక్కు ఒకటి పొగలు కక్కుతూ లేచింది. దాన్ని అరిటాకు ముక్కలో పెట్టి అతని చేతికిచ్చింది. "ఇదిగోండి. తవరు నెమ్మదిగా తినండి."

పరిశీలకుడు అది పట్టుకునే రిపోర్టు రాసుకుని, ఇంకో ఇంటికి టైమైపోయిందంటూ వెళ్ళిపోయాడు. నేను వెళ్ళబోతుంటే పల్లాలమ్మ ఆపింది.

"కూకోండి గురూగారూ. ఒక్క మాట." పొయ్యిలో మంట తగ్గించింది. "మా ఆయన్నేం చేశారండి మీ ఆఫీసోళ్ళు? నాది జోరు. ఆయనది నెమ్మది. పెళ్ళైన కాణ్ణుంచీ అలాగే సరిపోయింది. నేను గడగడా వాగేదాన్ని, ఆయన ఇనేవోడు. రేకుల్లో పంచదార వేసి మడతెట్టడానికి కూకుంటే ఒక్కో రేకుని పసిపిల్లని పడుకోబెట్టినట్టు మడతెట్టేవోడు. ఇప్పుడు రాత్రి ఏడింటికొచ్చి, నించునే తిని, నేనేదైనా చెప్పబోతే సగంలోనే 'అర్థమైంది, అర్థమైంది' అంటన్నాడండి. మొన్న మా అక్కకి ఒంట్లో బాగోలేదని చెబుతా ఉంటే 'విషయానికి రా' అన్నాడు." ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పడేసింది. "నాకు విషయం ఏం ఉంటదండి? ఆయనతో చెప్పుకోడమే విషయం."

నేను ఏదో సర్దిచెప్పి వచ్చేశాను. మర్నాడు ఆఫీసులో అబ్బులుని పరీక్షగా చూశాను. నిజమే. టీ సాసర్లో పోసుకుని ఒక్క గుక్కలో తాగుతున్నాడు. కాలు ఆడిస్తున్నాడు. మాటిమాటికీ చేతి గడియారం చూస్తున్నాడు. అది మిషన్ వాళ్ళు ఉత్తమ నెమ్మదికి బహుమతిగా ఇచ్చిన గడియారం.

"ఒంట్లో ఎలా ఉంది అబ్బులూ?" అన్నాను.

"కడుపులో మంటండి. బాగానే ఉందండి. వస్తానండి," అని మూడు మాటలూ ఒక్క ఊపిరిలో అని జీపెక్కేశాడు.

ఆ తర్వాత పెద్ద రోజు వచ్చింది. ఛైర్మన్‌గారు స్వయంగా మా ఊరు వచ్చి మొల్లేరుని పరిపూర్ణ నెమ్మది పురపాలక సంఘంగా ప్రకటిస్తారు. ప్రకటనకి ముందు అబ్బులు తన పాత కౌంటరులో కూర్చుని నెమ్మదిని ప్రత్యక్షంగా చూపించాలి. కార్యక్రమంలో దానికి నాలుగు నిమిషాలు. రిహార్సల్సులో మా అటెండరు బిడ్డ తల్లిగా కూర్చున్నాడు. అబ్బులు పేరు అడగడం, నవ్వడం, నిశ్శబ్దం, రాయడం అన్నీ నాలుగు నిమిషాల్లో ముగించాడు. కమిషనరుగారు చప్పట్లు కొట్టారు.

ముందుగా ఎంపిక చేసిన తల్లి రాలేదు. వాళ్ళ బిడ్డకి టీకా వేస్తే జ్వరం వచ్చిందట. కార్లు గేటు దాటుతుండగా కమిషనరుగారు విరామ బల్ల మీద బిడ్డనెత్తుకుని కూర్చున్న ఒకమ్మాయిని చూపించి, "ఆవిణ్ణి కూర్చోబెట్టండి," అన్నారు. ఆ అమ్మాయి పేరు భూలక్ష్మి. అవతలి గట్టున లంకలో ఉంటుంది. ఎవరొస్తున్నారో, ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు.

ఛైర్మన్‌గారు కుర్చీలో ప్రశాంతంగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయన వెనక కార్యదర్శి గడియారం పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం విమానం అందుకోవాలి.

"బిడ్డ పేరు?" అన్నాడు అబ్బులు. మొహం మీద రిహార్సల్సు నవ్వు ఉంది.

"ఇంకా పెట్టలేదండి."

"పేరు లేకుండా కూడా రాసుకోవచ్చమ్మా. తర్వాత చేర్పించుకోవచ్చు. తండ్రి పేరు?" కలం అప్పుడే కాగితం మీద ఉంది.

"మా అత్త ఒక పేరంటందండి. మా ఆయన ఇంకోటంటన్నాడు. నాకేం పెట్టాలనుందో ఎవరూ అడగలేదు." ఎవరి మీదా కోపం లేకుండానే అంది భూలక్ష్మి.

అబ్బులు కలం ఆగింది. చెయ్యి అలాగే ఉండిపోయింది. కాలు ఆడించడం కూడా ఆగిపోయిందని నేను గమనించాను. కాసేపటికి కలం కింద పెట్టి, చేతి గడియారం విప్పి, బల్ల సొరుగులో వేశాడు.

"నేనడుగుతున్నాను. చెప్పమ్మా."

"నాకు నొప్పులొచ్చిన రోజు పంటు మీద ఏరు దాటుతున్నామండి. నడి ఏట్లోనే పుట్టేసింది. పంటు మీద ఒకావిడుంది. ఎవరో తెలీదు. కొంగు అడ్డం పట్టి, నన్ను పట్టుకుని, పిల్లని ఆవిడే పైకి తీసిందండి. గట్టు చేరగానే ఆసుపత్రి గొడవలో ఆవిడ పేరడగలేదు. పిల్లకి ఆవిడ పేరెట్టాలనుందండి."

"ఆవిడ ఎలా ఉంటదమ్మా? చెప్పు."

భూలక్ష్మి చెప్పడం మొదలెట్టింది. చేతికి నల్లగాజులు. గొంతు పెద్దది. తిడుతూనే వీపు నిమిరింది. అబ్బులు ముందుకి వంగి వింటున్నాడు. నాలుగు నిమిషాలైంది. కార్యదర్శి దగ్గాడు. కమిషనరుగారు అబ్బులు వెనక్కి వెళ్ళి, చెవిలో, "త్వరగా నెమ్మదించవయ్యా! ఫ్లైటు టైమైపోతోంది," అన్నారు.

"ఉండండి సార్. ఆవిడ చెబుతున్నారు," అన్నాడు అబ్బులు, తల తిప్పకుండా.

ఛైర్మన్‌గారు కళ్ళు తెరిచారు. "ఏమిటి ఆలస్యం?" అన్నారు.

భూలక్ష్మి చెబుతూనే ఉంది. అబ్బులు వింటూనే ఉన్నాడు. ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. ఛైర్మన్‌గారు లేచి, సహనం అనే గుణం గురించి ఒక వాక్యం చెప్పి, కారు వైపు నడిచారు. కమిషనరుగారు ఆయన వెనకే పరిగెత్తారు. పరిపూర్ణ నెమ్మది జ్ఞాపిక అప్పటికే తయారైపోయి ఉంది కాబట్టి దాన్ని వృథా చెయ్యకుండా కదులుతున్న కారు కిటికీలోంచి అందించారు. కమిషనరుగారు కారుతో పాటు కొంతదూరం పరిగెత్తి రెండు చేతులా అందుకున్నారు. మర్నాడు ఆ ఫోటో గ్రూపులో అందరికంటే ముందు మా వాళ్ళే పెట్టారు.

ఆ రోజే అబ్బులుని సస్పెండు చేశారు. ఆ ఉత్తర్వూ నేనే టైపు చేశాను. 'నెమ్మది కార్యక్రమ నిర్వహణయందు బుద్ధిపూర్వక జాప్యము కనబరచినందులకు' అని ఉంది. ఆఫీసు మూసేలోగా అతని సంతకం తీసుకురమ్మని కమిషనరుగారు నన్నే పంపారు.

ఇంటికి వెళితే పల్లాలమ్మ ఒక్కతే ఉంది. సస్పెన్షన్ సంగతి ఆవిడకి తెలుసు. ఏడుస్తుందనుకున్నాను. పల్లాలమ్మ రేకులు తీస్తూ, "రాత్రి మా అక్క సంగతంతా మొదట్నుంచీ మళ్ళీ చెప్పించుకున్నాడండి," అంది. "రేవు కాడికెళ్ళాడు. ఆ పిల్లతల్లితో. పంటు మీదావిణ్ణి ఎతకడానికంట."

రేవుకి వెళ్ళేసరికి అబ్బులు, భూలక్ష్మి అప్పుడే పంటు ఎక్కుతున్నారు. కాగితం ఊపుతూ నేనూ ఎక్కేశాను.

"సంతకం పెట్టు అబ్బులూ. ఇదే పంటు మీద తిరిగి వెళ్ళిపోవాలి."

"పెడతానండి. ముందు చదవనియ్యండి," అన్నాడు. కానీ నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు. మొహంలో కొన్ని నెలలుగా లేని తేటదనం ఉంది. "కడుపులో మంట తగ్గిందండి గురూగారూ."

"ఉద్యోగం సంగతేంటి? అప్పీలు రాద్దామా?"

"రాద్దాంలెండి. నాకు గబగబా చెయ్యడం చేతకాదండి. వచ్చుననుకుని ఇన్నాళ్ళూ చేశాను. అది నేను కాదు. మా ఆవిడ ముందే గుర్తుపట్టేసింది."

అవతలి రేవులో చేపల బుట్టల మధ్య ఒక లావుపాటి మనిషి ఎవరినో తిడుతూ బేరమాడుతోంది. చేతులకి నల్లగాజులు. భూలక్ష్మి ఒక్క అరుపు అరిచి పరిగెత్తింది. ఆవిడ మొదట గుర్తుపట్టలేదు. పిల్లని చూసి గుర్తుపట్టింది. కొంగుకి తడిచేతులు తుడుచుకుని పిల్లని లాక్కుంది.

"నీ అమ్మ కడుపు చల్లగా, ఎంత బలిశావే! ఆ రోజు పిల్లికూనలా ఉన్నావు కదే!"

"నీ పేరేంటి పెద్దమ్మా?" అంది భూలక్ష్మి.

"నా పేరెందుకే?"

"దీనికి పెడతాను."

చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "నాగరత్నం," అంది చివరికి, ఎప్పుడో దాచిన వస్తువు బయటికి తీస్తున్నట్టు. "మా నాయనమ్మ పేరే నాకెట్టారు. ఆవిడ ఈ ఏట్లో పడవ నడిపేదంట. చెబుతాను ఉండండి." బోర్లించిన బుట్టలు మా ముందుకి తోసింది. "కూకోండి, నించున్నారేంటి?"

అబ్బులు కూర్చున్నాడు. భూలక్ష్మి కూర్చుంది. పంటు వాడు ఈల వేశాడు. నా జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే కమిషనరుగారు. అది మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. నేను దాన్ని జేబులో పెట్టేసి, ఒక బుట్ట దగ్గరికి లాక్కున్నాను.

నాగరత్నం వాళ్ళ నాయనమ్మ కథ మొదలుపెట్టింది. పంటు గట్టు వదిలింది. మాలో ఎవరూ లేవలేదు.